కంప్యూటరుతో కొన్నదేమి?

నరసరావుపేటలో కంప్యూటరు కొనునపుడు మనము ధరను, మెమరీని విచారింతుము గాని లైసెన్సును విచారింపము. యంత్రముతో కలిసివచ్చు విండోస్ ఓ.ఇ.ఎం. లైసెన్సు ఆ యంత్రముతోనే ముగియును. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును, పాతదానినుండి తొలగించి, క్రొత్తదానికి మార్చుకొనవచ్చును, వెల హెచ్చు. ‘మేమే వేసి ఇత్తుము’ అని కొందరు దుకాణదారులు ఎక్కించు నకలు ఈ రెండింటిలో ఏదియు కాదు, దానికి బిల్లుండదు.

పేద విద్యార్థికి తగినది లినక్స్ అని మా అభిప్రాయము. ట్యాలీ నేర్చువారికి విండోస్ తప్పదు, నిజమే. కాని జి.పి.ఎల్. లైసెన్సు ననుసరించి లినక్స్ ప్రతి నొకదానిని కళాశాల యంత్రములన్నిటికిని ఎక్కించి, ఇంటికిని కొనిపోవచ్చును. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ దానిని తెలుగులోనికి తెచ్చినది. ఉర్దూయు అందు వ్రాయవచ్చును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. పాత యంత్రములు మూలబడనక్కరలేదు. కార్యవర్గమువారు ఇకముందు కొటేషన్లలో లైసెన్సు రకమును వ్రాయించవలెనని కోరుచున్నాము.