అందరూ వాడగా మిగిలినది

పొందూరులో సన్ననూలు వడికే స్త్రీలకు కొలతలు కొత్త కాదు. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేయడం నుంచి ఒంటి కదురు రాట్నం మీద నూలు తీయడం దాకా ఇంట్లో కూర్చుని చేసే ఈ పనికి కూలి చిలపల లెక్కన వస్తుంది. ఎన్ని చిలపలు అప్పగిస్తే అంత. మధ్యలో లేచి వంట చేసిన గంట, బిడ్డను చూసుకున్న గంట ఎవరి లెక్కలోకీ రావు. ఇప్పుడు ఆ ఇళ్లలోకి మరో కొలత వచ్చింది. దాని పేరు జీబీ.

అలాంటి ఒక ఇంట్లో మాట్లాడుతూ, ఫోనులో ఇంటర్నెట్ చూస్తారా అని అడిగాను. ఇంటిల్లిపాదికీ డేటా ఉన్న ఫోను ఒక్కటే. "పొద్దున్న కుర్రోడు, మాపటేల ఆళ్ల నాన్న. నా వంతొచ్చీసరికి ఇంకేటుంటాదమ్మా, అయిపోనాది" అందామె. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినడం అలవాటైన మనిషికి ఇది అన్యాయంగా తోచకపోవచ్చు. స్త్రీల హక్కుల గురించి మాట్లాడే మనకైనా తోచాలి కదా!

ఇంటర్నెట్ పరిమితుల మీద చర్చంతా 'వినియోగదారుడు', 'కుటుంబం' అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. కుటుంబానికి ఇన్ని జీబీలు అని నిర్ణయించేవారు, ఆ కుటుంబంలో పంపకం ఎలా జరుగుతుందో చూడరు. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకే ఇంటింటికీ ఇంటర్నెట్ అని ఘనంగా చెప్పారు. ఆ ప్రాథమిక పథకంలో పూర్తి వేగం 5 జీబీల వరకే. ఆ తర్వాత వేగం పడిపోయేది. గంటసేపు వీడియో పాఠానికి సుమారు అర జీబీ అవుతుందనుకుంటే, నెలకు పది గంటలన్నమాట. నలుగురున్న ఇంట్లో ఆ పది గంటలు ఎవరివి? కొడుకు చదువు ముందా, కోడలి చదువు ముందా? జవాబు మనందరికీ తెలుసు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు పురుషుల్లో 48.8 శాతం. స్త్రీలలో 21 శాతం మాత్రమే. ఇంత తేడాకు చదువు లేకపోవడం, తెలియకపోవడం మాత్రమే కారణమని సరిపెట్టుకోలేం. ఫోను ఎవరి పేరున ఉంది, రీచార్జి డబ్బులు ఎవరి జేబులో ఉన్నాయి అన్నవి కూడా కారణాలే. ఎంత డేటా అయిపోయిందో చందాదారుకు ఎప్పటికప్పుడు తెలియజేయాలని నియమాలున్నాయి. మంచిదే. కానీ ఆ సమాచారం చేరేది కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వారికి. డేటా ఎంత ఖర్చయిందో ముందుగా మగవాడికి తెలుస్తుంది. "ఏం చూశావు?" అన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది.

"ఎక్కువ వాడినవాళ్లు ఎక్కువ కడతారు, కరెంటు లాగే. అందులో తప్పేముంది?" అని అడిగేవారున్నారు. ఈ పోలికను కాస్త పరీక్షిద్దాం. కరెంటులో మొదటి యూనిట్లు చౌక, వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. డేటాలో ఇది తలకిందులు. 2024 జూలైలో ధరలు పెంచినప్పుడు జియోలో 28 రోజులకు రోజుకు 1.5 జీబీ ఇచ్చే పథకం 239 నుంచి 299 రూపాయలైంది. అంటే జీబీకి సుమారు 7 రూపాయలు. అంత మొత్తం ఒకేసారి పెట్టలేక, అవసరమైన రోజున విడిగా ఒక్క జీబీ వేయించుకుంటే 19 రూపాయలు. చేతిలో చిల్లర మాత్రమే ఆడే స్త్రీ రెండున్నర రెట్లు కడుతోంది. పైగా ఆ రోజుకు మిగిలిన డేటా అర్ధరాత్రితో మాయమవుతుంది. ఇంటి చాకిరీ ముగించుకుని ఆమె ఫోను పట్టుకునే వేళకు రోజు కూడా అయిపోతుంది! 28 రోజుల 'నెల' లెక్కన ఏడాదికి పదమూడు రీచార్జిలన్న సంగతి సరేసరి.

పరిమితి లేకపోతే నెట్‌వర్క్ తట్టుకోలేదన్న వాదనా ఉంది. ఖర్చంతా ప్రధానంగా తీగలు వేయడానికి, ఒకేసారి అందరూ వాడే వేళ రద్దీని మోయడానికి. తెల్లవారుజామున వాడిన జీబీ ఆ రద్దీని పెంచదు. అయినా కోటాలో కోత పడుతుంది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు అమెరికాలో కామ్‌కాస్ట్ వంటి కంపెనీలు ఇళ్ల కనెక్షన్లకు డేటా పరిమితులను తాత్కాలికంగా ఎత్తేశాయి. వాడకం విపరీతంగా పెరిగినా నెట్‌వర్కులు కూలిపోలేదు.

ఇక ప్రభుత్వం సంగతి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్ల హాజరును ఫోటోలతో సహా యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. అంగన్‌వాడీ కార్యకర్తలు పోషణ్ ట్రాకర్‌లో వివరాలు నమోదు చేయాలి. 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్ ద్వారా 'మన మిత్ర' మొదలైంది. ఆఫీసు మెట్లు ఎక్కే బాధ తప్పడం స్త్రీలకు మేలే, కాదనను. కానీ మెట్లు ఎక్కడానికి రుసుము లేదు. ఈ తలుపు తెరవాలంటే ముందు డేటా ఉండాలి. పౌరురాలి హక్కును ప్రైవేటు కంపెనీ రీచార్జికి ముడిపెట్టినప్పుడు, ఆ రీచార్జి బాధ్యత ఎవరిది?

2024 డిసెంబరులో ట్రాయ్, డేటా అక్కర్లేనివారికి మాటలకు, సందేశాలకు మాత్రమే పథకాలుండాలని ఆదేశించింది. అనవసరంగా డేటాకు డబ్బు కట్టే వృద్ధులకు ఇది ఊరట. అయితే ఇంట్లో పొదుపు మాట వచ్చినప్పుడు డేటా పథకం ఆయనకు, మాటల పథకం ఆమెకు అయ్యే ప్రమాదాన్ని మనం గమనించాలి.

2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఫహీమా షిరీన్ కేసులో, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని చెప్పింది. బాలికల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోను నిషేధాన్ని ప్రశ్నించిన విద్యార్థిని ఆమె. హాస్టల్ నియమంతో ఆపినా, కోటా అయిపోయిందని ఆపినా ఆడపిల్ల చదువు ఆగిపోవడంలో తేడా ఏముంది?

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. వాడని డేటా మర్నాటికి, మరునెలకు చేరాలి. ఇళ్ల బ్రాడ్‌బ్యాండుకు పరిమితి దాటినా సెకనుకు 512 కిలోబిట్ల కంటే వేగం తగ్గకూడదని 2016లో ట్రాయ్ ఆదేశించింది. చాలా మొబైల్ పథకాల్లో అది 64కు పడిపోతుంది. పేద స్త్రీలకు ఉన్నది మొబైలే కనుక ఆ రక్షణ అక్కడా కావాలి. ప్రభుత్వం యాప్ వాడమంటే డేటా ఖర్చు ప్రభుత్వమే భరించాలి. పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ ఇస్తే సర్వేలో స్త్రీల వాడకాన్ని విడిగా లెక్కించాలి. కొన్ని సైట్లు మాత్రం ఉచితం అనే ఎరను ఒప్పుకోకూడదు. స్త్రీలు ఏం చూడాలో కంపెనీ నిర్ణయించే పద్ధతిని 2016లోనే ట్రాయ్ తోసిపుచ్చింది.

చివరగా మన సంగతి. గ్రామంలోని కార్యకర్తకు గంటల తరబడి వీడియో సమావేశం, ఫోటోలు, వీడియో నివేదికలు అడిగేది మనమే. ఆ జీబీలు ఎవరి కోటాలోంచి పోతున్నాయో ఎన్నిసార్లు అడిగాం? వచ్చే సమావేశపు ఖర్చుల పట్టికలో బస్సు చార్జీల పక్కనే డేటా ఖర్చుకూ ఒక గీత గీద్దాం. ప్రభుత్వాన్ని నిలదీసే ముందు మన లెక్క సరిచూసుకుందాం.