పిస్తోలు మరమ్మతు ఇంటిపని కాదు

పంపుసెట్టు మొరాయిస్తే స్పానరు పట్టుకొని విప్పి చూడడం మా బుచ్చిరెడ్డిపాలెం రైతులకు కొత్త కాదు. అదే చొరవను లైసెన్సు గల పిస్తోలు విషయంలో చూపడం ప్రాణాంతకం. యూట్యూబ్ వీడియోలు చూసి, అరిగిన స్ప్రింగునో పిన్నునో ఇంట్లోనే మార్చుకోవచ్చునని భావించేవారికి ఒక వైద్యునిగా ఈ హెచ్చరిక.

మ్యాగజీను తీసినంతమాత్రాన పిస్తోలు ఖాళీ అయినట్లు కాదు; ఛాంబరులో ఒక తూటా మిగిలి ఉండవచ్చును. సరిపడని విడిభాగం అమరిస్తే ట్రిగ్గరు నొక్కకుండానే పేలే ప్రమాదమూ ఉన్నది. బిగువైన స్ప్రింగు ఎగిరి తగిలితే కన్ను పోవచ్చును. గురి తప్పి పేలిన తూటా పక్క గదిలోని పసిబిడ్డను సైతం తాకగలదు.

ఆయుధాల చట్టం (1959) 5వ సెక్షను ప్రకారం మరమ్మతు చేయడానికి వేరే లైసెన్సు అవసరం. ఆయుధం ఉంచుకొనే లైసెన్సు అందుకు చాలదు. కనుక అనుమతి గల డీలరు వద్దకే వెళ్ళండి. లైసెన్సు పునరుద్ధరణ వేళ అధికారులు ఈ సంగతిని నొక్కి చెప్పాలని నా అభిప్రాయం.

ఒకవేళ తూటా తగిలితే గాయంపై శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమిపట్టి, వెంటనే 108కి ఫోను చేయాలి. తూటాను తీయబోవద్దు, తాగడానికేమీ ఇవ్వవద్దు. పోలీసు కేసు భయంతో జాప్యం చేయవద్దు. ముందు చికిత్స, తరువాతే లాంఛనాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రక్తస్రావంలో ప్రతి నిమిషమూ విలువైనదే.