పాత తోలు కుర్చీ

పిల్లలూ! మీ ఇంట్లో పాత తోలు కుర్చీ ఉన్నదా? రంగు వెలిసి, పగుళ్లు తేలిందని మూలకు నెట్టారా? పారవేయటానికి తొందరపడకండి. ఈ నెల దాని సంగతే చెప్పుకుందాం.

ముందు దాని అడుగున, కంటికి కనబడని చోట ఒక నీటిబొట్టు వేయండి. బొట్టు ఇంకి, అక్కడ నల్లబడితే అది పైపూత లేని తోలు. బొట్టు అలాగే నిలిస్తే అది పూత వేసిన తోలో, రెగ్జినో అన్నమాట. దానికి నూనె పట్టదు.

తోలు ఎందుకు పగులుతుంది? పచ్చి చర్మాన్ని ఊరికే వదిలితే కుళ్లిపోతుంది. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పచ్చగా పూసే తంగేడు మీకు తెలుసు గదా! బతుకమ్మలో పేర్చే పువ్వు, 2014 నుంచి మన రాష్ట్ర పుష్పం. దాని చెక్క నానవేసిన నీళ్లలో చర్మాన్ని ఊరవేసేవారు. చెక్కలోని టానిన్ చర్మపు పోగులను పట్టుకొని కుళ్లకుండా కాపాడుతుంది. ఆ పోగుల మధ్య నూనె ఉన్నంతకాలం తోలు మెత్తగా వంగుతుంది. నూనె తరిగితే బిగిసి పగులుతుంది.

కనుక దుమ్ము దులిపి, నీళ్లు గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి. రంగు కావాలంటే పెద్దవాళ్ల చేత తోలు రంగు తెప్పించి, ముందు అడుగున కొంచెం పూసి చూసి, కిటికీలు తెరిచి, పలచగా రెండు మూడు పూతలు వేయించండి. ఒక పూత ఆరాకే ఇంకొకటి. ఆ తర్వాత మన చెలకల్లో పండే ఆముదమే నాలుగు చుక్కలు గుడ్డకు అద్ది రుద్ది, మర్నాడు జిడ్డు తుడిచివేయండి. నేనొకసారి ముందే ఆముదం రాసి, దానిమీద రంగు వేశాను. జిడ్డు మీద రంగు పట్టలేదు. ఇంటికి వచ్చిన చుట్టం తెల్లపంచెకు మాత్రం బాగా పట్టింది!

ఆ కుర్చీ మా నాయనది. నేను అయిదో తరగతిలో ఉండగా, మా బావికి మోట బొక్కెన కుట్టే తాతే దాన్నీ బాగుచేశాడు. పని కాగానే, "కూర్చొని చూడు తాతా!" అన్నాను. "నేనెట్ల కూసుంట బిడ్డా?" అని నవ్వాడు. పెద్దవాళ్లెవరూ కూర్చోమనలేదు. ఆయన కుట్టిన బొక్కెనతో తోడిన నీళ్లతోనే మా పొలం పండింది. ఆయన బాగుచేసిన కుర్చీలోనే మేము కూర్చున్నాము. ఆయన మాత్రం నిలబడే వెళ్లిపోయాడు. నేనూ రెండోమాటు అడగలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తోలుపని తక్కువ పని కాదు, పిల్లలూ. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో రైతు ఇంట పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు తోలు శాస్త్రమే చదివి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు 1958లో డైరెక్టరయ్యారు. చదువుకొన్నవారు ఆ పనిని గౌరవించినట్లే, చేతులతో చేసేవారినీ గౌరవించాలి గదా!

మీ కుర్చీ బాగయ్యాక మొదట ఎవరిని కూర్చోబెడతారు? ఆలోచించి నాకు ఉత్తరం రాయండి.