ల్యాప్‌టాప్ అమ్మే ముందు డిస్క్ తుడవాలె

వీసా క్యాన్సిల్ చేసుకొని ఊరికి పోయేటప్పుడు మనోళ్లు పాత ల్యాప్‌టాప్‌ను ఇండస్ట్రియల్ ఏరియాలో ఎంతకో అంతకు అమ్మేసి పోతున్నరు. అందులో మన పాస్‌పోర్ట్ కాపీ, బతాకా ఫోటో, ఇంటోళ్ల ఫోటోలు ఉంటయి. అవి అట్లనే పరాయి చేతిల పెట్టుడు మాకైతే నచ్చదు.

డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే అయిపోయిందనుకుంటం. అది క్యాంపుల రూం తలుపు మీద పేరు చెరిపినట్టే, లోపల సామాను అట్లనే ఉంటది. హార్డ్ డిస్క్‌లో దాని మీద వేరేది రాసేదాకా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీయొచ్చు. క్విక్ ఫార్మాట్ కూడా అంతే.

రిజిస్ట్రీ క్లీన్ చేస్తే చాలని కొందరు చెప్తరు. రిజిస్ట్రీ అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా. దాన్ని తుడిస్తే మన ఫోటోలు పోవు, విండోసే పాడైతది. అసొంటి క్లీనర్లు వాడొద్దనే మైక్రోసాఫ్ట్ కూడా అంటది. పేరున్న సీసీక్లీనర్‌లోనే 2017లో హ్యాకర్లు వైరస్ కలిపిండ్రు, ఇగ ఫ్రీగా దొరికే వాటి సంగతి చెప్పేదేముంది?

విండోస్ 10, 11లో రికవరీ దగ్గర "రీసెట్ దిస్ పీసీ" ఉంటది. "రిమూవ్ ఎవ్రీథింగ్" నొక్కి, "చేంజ్ సెట్టింగ్స్"లో "క్లీన్ డేటా"కు ఎస్ పెట్టాలె. చాలామంది ఈ ఎస్ దగ్గరే వదిలేస్తరు. గంటలు పడతది, ఛార్జర్ తీయొద్దు, శుక్రవారం పెట్టుకోండి. కావాల్సిన ఫోటోలు ముందే పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించుకోండి.

అసలు ఆన్ కాని ల్యాప్‌టాప్ అయితే డిస్క్ ఊడదీసుకొని మిగతాది అమ్మండి. నాలుగు రియాళ్లు తక్కువొచ్చినా సరే.