రక్తంలో సీసం: కొలతతోనే పని పూర్తికాదు

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛతో ఆసుపత్రుల పాలైనప్పుడు, వారి రక్త నమూనాలను ఢిల్లీలోని ఎయిమ్స్‌కు పంపవలసి వచ్చింది. వాటిలో సీసం, నికెల్ ఉన్నట్లు తేలింది. పురుగుమందుల అవశేషాలపైనా అనుమానాలు వ్యక్తమయ్యాయి. కొలిచే సాధనం దూరమైన కొద్దీ కారణాన్వేషణ ఆలస్యమవుతుందని ఆ ఘటన తెలియజేసింది.

పామిడి వంటి మండల కేంద్రానికి ఆ దూరం మరింత ఎక్కువ. వేలికొన నుంచి తీసిన 50 మైక్రోలీటర్ల రక్తంలోని సీసాన్ని విద్యుద్రసాయన పద్ధతిలో 3 నిమిషాలలో కొలిచే చిన్న పరికరాలు నేడు లభిస్తున్నాయి. పెద్ద ప్రయోగశాల యంత్రాలతో పోలిస్తే వీటి వ్యయం స్వల్పం. అయితే తక్కువ ధర ఒక్కటే ఎంపికకు ప్రమాణం కారాదు. పరికరం కొన్నాక కూడా ప్రతి పరీక్షకు కొత్త సెన్సార్ కావాలి. వేలికి అంటిన దుమ్ములో సీసం ఉంటే ఫలితం పెరుగుతుంది. ఈ పరికరాలు నిర్ణీత ఉష్ణోగ్రతలోనే సరిగా పనిచేస్తాయి. పామిడి వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. ఈ తరహా పరికరాలలో ఒక సంస్థవి సిర నుంచి తీసిన రక్తంలో సీసాన్ని తక్కువగా చూపవచ్చని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కనుక వీటిని తొలి వడపోతకే వాడి, ఎక్కువగా తేలిన ఫలితాన్ని వైద్య ప్రయోగశాలలో నిర్ధారించుకోవాలి.

డెసిలీటరు రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉంటే, దాని మూలాన్ని గుర్తించి తొలగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. ఆ మూలం కల్తీ పసుపు కావచ్చు, సీసం కలిసిన కళాయి పూత కావచ్చు, పెరట్లో విప్పిన పాత బ్యాటరీ కావచ్చు, గోడ నుంచి రాలే పాత రంగు కావచ్చు. వీటిని వెతకడం ఆసుపత్రి గదిలో సాధ్యం కాదు. ఇక్కడే వ్యవసాయ విస్తరణ వ్యవస్థ అవసరమవుతుంది. భూసార పరీక్షలో జింకు, ఇనుము కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రానికి సీసపు దీపం అమర్చితే మట్టి, పసుపు నమూనాలలోని సీసాన్నీ కొలవవచ్చు. ఇనుము లోపించిన పిల్లల శరీరం సీసాన్ని ఎక్కువగా గ్రహిస్తుంది. అందువల్ల పోషకాహార బోధనకూ ఇందులో పాత్ర ఉంది.

కాబట్టి పరికరం కొనడానికి ముందే, ఎక్కువ ఫలితం వచ్చిన ఇంటికి ఎవరు వెళ్లాలో, నమూనాలు ఎక్కడికి పంపాలో నిర్ణయించాలి. బిడ్డ రక్తంలోని అంకె చెప్పి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని పరీక్ష తల్లికి మిగిల్చేది భయమే.