వాగు రంగు మారితే అడగాల్సింది మనమే

తొలకరికి వాగు టీ డికాషన్‌లా దిగడం మీలో చాలామంది చూసే ఉంటారు. బురద నీళ్లులే అని వదిలేస్తాం. కానీ బిందెలో రాత్రంతా ఉంచి చూడండి. మట్టి అడుక్కి దిగుతుంది, ఆ లేత గోధుమ రంగు మాత్రం పోదు. రాలిన ఆకు, కుళ్లిన బెరడు, వేళ్లు నీళ్లలో కరిగిపోయిన రూపం అది. శాస్త్రవేత్తలు దాన్ని కరిగిన సేంద్రియ పదార్థం అంటారు. మన మాటలో చెప్పాలంటే అడవి కాచిన కషాయం.

ఇది మనకెందుకు అంటారా? గుండ్లకమ్మనే తీసుకోండి. చెంచుల నల్లమలలో పుడుతుంది. కంభం చెరువులో ఆగుతుంది. ప్రకాశం చేల మీదుగా పారి, మల్లవరం రిజర్వాయర్ దాటి, బంగాళాఖాతంలో కలుస్తుంది. దారి పొడవునా ఆ కషాయం మారుతూనే ఉంటుంది. దాన్ని బాక్టీరియా తింటుంది, బాక్టీరియాను చిన్న పురుగులు, పురుగుల్ని చేపలు తింటాయి. ఎండ తగిలితే రంగు విరుగుతుంది. కొంత బొగ్గుపులుసు వాయువుగా గాల్లో కలుస్తుంది. నీళ్లు చెరువులో నిలిచినకొద్దీ ఈ పని ఎక్కువ జరుగుతుంది. పెద్ద వరదొస్తే అంత టైం ఉండదు, అడవి సరుకు చాలావరకు అలాగే కిందికి కొట్టుకుపోతుంది. ప్రపంచమంతా కలిపి నేల మీంచి నదుల్లోకి, చెరువుల్లోకి ఏటా 190 కోట్ల టన్నుల కార్బన్ చేరుతుందనీ, అందులో సముద్రం దాకా వెళ్లేది సగానికి కాస్త తక్కువేననీ 2007లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అంటే నది ఉత్త గొట్టం కాదు, పనిచేసే కడుపు.

ఆ కడుపులో మనం ఏం పోస్తున్నాం? పత్తి, మిర్చి చేల నుంచి జారిన ఎరువు పాచిని పెంచుతుంది. ఊళ్ల మురుగు దానికి తోడవుతుంది. ఈ సరుకు కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చేపల వేట మీద బతికే యానాది కుటుంబానికి ఆ రోజు కూలి పోయినట్టే. నీళ్లలో సరిగా కరగని కొన్ని పురుగుమందులు ఈ సేంద్రియ పదార్థాన్ని పట్టుకుని దూరం వెళ్తాయి. ఇలాంటి నీళ్లలో క్లోరిన్ కలిపితే ట్రైహాలోమీథేన్లు పుడతాయి. అట్లాగని క్లోరిన్ మానకూడదు, అది రోగాలను ఆపుతుంది. ముందు నీళ్లలో చేరే మురుగును తగ్గించాలి.

తప్పు అడవి ఆకుది కాదు, అది నదికి తిండి. తప్పంతా రైతుదీ కాదు. అప్పు చేసి మందు కొట్టే కౌలురైతు కూడా ఆ నీళ్లే తాగుతున్నాడు. అడగాల్సింది నీళ్ల లెక్క చూడాల్సిన ప్రభుత్వాన్ని.

చట్టం మన చేతిలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 చదవండి. పరీవాహక ప్రాంతాన్నీ నీటి వనరుల్నీ కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఉందని అందులో రాసి ఉంది. చెంచు గూడేన్ని అడగకుండా పైన అడవి గురించి తీసుకునే ప్రతి నిర్ణయం కింద యానాది వల మీద పడుతుంది. ఈ రెండు గూడేలూ ఒకే నది మనుషులు.

అందుకే ఒక డిమాండ్, ఒక పని. తొలి వరద నీళ్లను అడవి అంచున, చెరువు దగ్గర, రిజర్వాయర్ కింద పరీక్షించాలి. సేంద్రియ కార్బన్, ఆక్సిజన్, పురుగుమందులు ఎంతెంత ఉన్నాయో గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. ఇది డిమాండ్. ఈలోగా మీరు ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, నీళ్ల రంగు, వాసన, చేపలు పైకి తేలాయా లేదా రాయండి, ఫోన్‌లో ఫొటో తీయండి. రేపు ఆఫీసులో "ఆధారం ఏది?" అంటే బల్ల మీద పెట్టడానికి ఆ నోట్‌బుక్ ఉండాలి.