సూర్యునిపై నీలాపనింద

ప్రాతఃకాలంలో అర్ఘ్యప్రదానం చేసే ఆస్తికుడు సూర్యభగవానుని కర్మసాక్షి అని స్మరిస్తాడు. జీవుడు ఏకాంతంలో చేసిన పనికి సైతం సాక్షిగా నిలిచేవాడని ఆ నామానికి భావం. నేటి లోకరీతిలో ఆ సాక్షికే ముద్దాయి స్థానం లభించింది. ఏదైనా వెబ్‌సైట్ తెరుచుకోకపోతే, సర్వర్ స్తంభించిపోతే, “సూర్యునిలో జ్వాలలు లేచాయి, అందువల్లనే” అని చమత్కరించటం కంప్యూటర్ వృత్తిలో ఒక ఆచారంగా మారింది. ఈ చమత్కారం కొత్తది కాదు. న్యూజిలాండ్‌కు చెందిన సైమన్ ట్రవాగ్లియా రచించిన హాస్యకథలలో ఒక కంప్యూటర్ నిర్వాహకుడు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే సాకుల క్యాలెండరు చూసి అందులోని సాకును అప్పజెబుతాడు. ఆ సాకులలో సౌరజ్వాల ఒకటి.

హాస్యం దోషం కాదు. నవరసాలలో దానికీ స్థానముంది. ఎవరో పరిహసించినంత మాత్రాన భాస్కరుని తేజస్సు తగ్గదు. చెప్పేవాడికీ వినేవాడికీ అది హాస్యమన్న ఎరుక ఉన్నంతవరకు హాని లేదు. ఆ ఎరుక తొలగిన క్షణంలోనే అది నీలాపనింద అవుతుంది.

అమెరికాలో 2024 ఫిబ్రవరి 22న జరిగినది ఇందుకు నిదర్శనం. ఆనాడు తెల్లవారకముందే ఏటీ అండ్ టీ సంస్థ టెలిఫోను వ్యవస్థ దేశవ్యాప్తంగా స్తంభించింది. దానికి కొన్ని గంటల ముందే సూర్యునిలో రెండు తీవ్రమైన జ్వాలలు వెలువడ్డాయి. వెంటనే నింద సూర్యుని మీదికి వెళ్ళింది. కొందరు నవ్వుతూ అన్నారు, కొందరు నిజమేనని నమ్మారు.

విచారించినవారికి ఆ మాట నిలువదని సులభంగానే తెలుస్తుంది. సూర్యునికి పక్షపాతం లేదు. పండితుని ఇంటిపైనా పామరుని ఇంటిపైనా ఆయన కిరణాలు సమంగానే ప్రసరిస్తాయి. ఒక సంస్థ ఫోన్లు మూగవోయి, తక్కిన పెద్ద సంస్థల ఫోన్లు యథావిధిగా మ్రోగుతున్నప్పుడు దోషం ఆకాశంలో ఎలా ఉంటుంది? పైగా సౌరజ్వాల నుండి వెలువడే కిరణాలు పగటి వైపున్న భూభాగాన్నే తాకుతాయి. ఆ రెండింటిలో రెండవ జ్వాల వెలువడినప్పుడు అమెరికాలో రాత్రివేళ. సౌరవాతావరణాన్ని పరిశీలించే అమెరికా ప్రభుత్వ కేంద్రం కూడా జ్వాలలు ఇందుకు కారణమయ్యే అవకాశం తక్కువని ఆనాడే తెలిపింది. వ్యవస్థను విస్తరించే పనిలో సరికాని పద్ధతిని అనుసరించటమే కారణమని సంస్థ స్వయంగా అదే రోజు అంగీకరించింది. ఆ అంతరాయం కనీసం పన్నెండు గంటలు సాగింది. 9 కోట్ల 20 లక్షలకు పైగా కాల్స్ నిలిచిపోయాయని ప్రభుత్వ విచారణలో తేలింది. అందులో 25,000కు పైగా అత్యవసర సహాయం కోసం చేసినవి. ప్రాణభయంతో ఫోను చేసినవానికి “సూర్యుని లీల” అన్న సమాధానం హాస్యంగా వినిపిస్తుందా?

వినాయక చవితినాడు ప్రతి తెలుగు ఇంటా శమంతకోపాఖ్యానం చదువుతారు. ఆ మణి సూర్యుడు సత్రాజిత్తుకు ప్రసాదించినదే. అది కనబడకపోగానే లోకం శ్రీకృష్ణునిపై నింద మోపింది. స్వామి కోపించి కూర్చోలేదు, మరొకరిపైకి నిందను నెట్టలేదు. అడవికి వెళ్ళి, అడుగుజాడలను అనుసరించి, జాంబవంతుని గుహ వరకు నడిచి సత్యాన్ని వెలికితెచ్చాడు. నీలాపనిందకు విరుగుడు కథాక్షతలు మాత్రమే కాదు, జాడ వెంట నడిచే ఓర్పు కూడా. యంత్రం నిలిచిపోయినప్పుడు దోషమూలాన్ని ఒక్కొక్క మెట్టుగా వెదికే ఉద్యోగి, తెలిసినా తెలియకపోయినా, ఆ మార్గంలోనే నడుస్తున్నాడు.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం కర్మసిద్ధికి అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం అని ఐదు కారణాలను చెబుతుంది. దైవం ఐదవది. ముందున్న నాలుగింటినీ విచారించకుండా ఐదవదాని దగ్గరకు పరుగెత్తటం భక్తి కాదు, ఆలస్యానికి భక్తి వేషం. శంకర భగవత్పాదులు అక్కడి దైవశబ్దానికి, నేత్రాది ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాదులని భాష్యం చెప్పారు. అనగా కర్మలో సూర్యుని పాత్ర కంటికి చూపునివ్వటం. చూడటానికి వెలుగునిచ్చేవానిని, చూడకుండా తప్పించుకోవటానికి వాడుకోవటం ఎంత విపరీతం!

అయితే సూర్యుని ప్రభావం కల్పితమని భావించరాదు. 1859 సెప్టెంబరు 1న ఆంగ్లేయుడైన రిచర్డ్ క్యారింగ్టన్ ఒక మహాజ్వాలను చూశాడు. ఒక్కరోజులోపే భూమిని తాకిన అయస్కాంత తుఫానుకు టెలిగ్రాఫ్ ఉద్యోగులకు విద్యుద్ఘాతాలు తగిలాయి, కొన్నిచోట్ల బ్యాటరీలు లేకుండానే తంతులు పనిచేశాయి. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో సుమారు 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు విద్యుత్తు లేక చీకటిలో ఉన్నారు. అందుకే శ్రీహరికోట నుండి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలిచి సూర్యుని అనుక్షణం గమనిస్తోంది. ప్రతి చిన్న లోపానికీ సూర్యుని పేరు చెప్పే అలవాటు పడిన లోకం, నిజంగా సౌరఝంఝ వచ్చిననాడు హెచ్చరికను కూడా హాస్యమనుకొని నవ్వి ఊరుకుంటుంది. అబద్ధపు సాకు వల్ల కలిగే పెద్ద నష్టం ఇదే.

ప్రాతఃసంధ్యలో మంత్రాచమనం చేసే ద్విజుడు, రాత్రివేళ మనస్సుతో, వాక్కుతో, చేతులతో చేసిన దోషాలను ఒప్పుకొని, తనను తాను సూర్యజ్యోతిలో హోమం చేసుకుంటాడు. తన తప్పును సూర్యుని ఎదుట ఒప్పుకోవటం ఆ విధి. ఉదయం ఆరుగంటలకు అలా ఒప్పుకున్నవాడు, పదిగంటలకు కార్యాలయంలో తన తప్పును అదే సూర్యునిపై మోపితే ఆ ఆచమనం జలపానమాత్రమే అవుతుంది. నవ్వుకోవటానికి సూర్యుని పేరు చెప్పుకున్నా దోషం లేదు. నవ్వు ముగిశాక “ఈ తప్పు నాది” అన్న మాట మాత్రం మిగలాలి. కర్మసాక్షికి నిత్యం ఇవ్వవలసిన అర్ఘ్యం అది.